గరిటె మర్చిపోయిన రోజు

తెల్లవారుజాము మూడింటికే వంటింట్లో దీపం.
మా నానమ్మ ఫల్దీలా
ఉల్లిపాయలు ఎర్రబడే దాకా ఎవరితోనూ మాట్లాడదు.
అఖ్ని కుండలో మాంసం, బియ్యం, బంగాళదుంపలు
ఒకదాని మీద ఒకటి సర్దుకుని
మూత కింద గొణుక్కుంటున్నాయి.

కొత్త సంవత్సరం మొదటి రోజు.
మిచెల్స్ ప్లేన్‌లో మా వీధి వీధంతా
స్ట్రాండ్‌ఫోంటైన్ ఇసుక మీదికి
ఒక్క పూటకి కాపురం మారుస్తుంది.

తౌహీర్ బాబాయి వాకిట్లోకొచ్చి
వేలు తడిపి గాలిలోకి ఎత్తాడు.
"ఆగ్నేయం గాలి. మధ్యాహ్నం దాకా లేవదు."
దూరంగా టేబుల్ మౌంటెన్ మీద అప్పుడే
మబ్బు తెల్లగుడ్డ పరుస్తోంది
ఎవరో భోజనానికొస్తున్నట్టు.
ఆయన మాట ఏనాడూ నిజమైంది లేదు.
ఆయన వేలెత్తందే
మా బండి కదిలిందీ లేదు.

కుండని పాత పేపర్లలో చుట్టింది నానమ్మ.
పేపర్ల మీద దుప్పటి,
దుప్పటి మీద తాతయ్య ఉన్నికోటు,
చలిగాలి సోకకుండా బాలింతని చుట్టినట్టు.
వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది.
మా ఇమ్రాకి చోటు లేదు.
"నాకంటే కుండే ముద్దా?" మూతి ముడిచింది.
"నువ్వు ఒలికిపోవుగా" అంది నానమ్మ.

ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి:
చాపలు, పుచ్చకాయ, నాలుగు కర్రలు,
పూలపూల పాత కర్టెన్లు రెండు,
మూడు డబ్బాల నిండా నీళ్ళు.
అక్కడే నోరు జారాను.
"అక్కడ కుళాయి ఉంది నానమ్మా, కొట్లున్నాయి,
మరుగుదొడ్లున్నాయి, ఈ కర్టెన్లు దేనికి?"

ఆమె డబ్బా మూత బిగిస్తోంది.
నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి.

"నీ వయసులో నేను
రైలు కిటికీలోంచి చూశాను సముద్రాన్ని.
మంచి ఇసుక ఉన్నచోట దిగడానికి లేదు,
అది ఎవరిదో బోర్డు మీద రాసి ఉండేది.
మాకొదిలిన చోట రాళ్ళూ, లాక్కుపోయే నీళ్ళూ.
కుళాయి లేదు, నీడ లేదు.
ఆడపిల్లకి చాటు కావాలంటే
నలుగురు నాలుగు వైపులా గుడ్డ పట్టుకు నిలబడాలి.
అప్పుడు నేర్చిన మూట కట్టడం.
బోర్డులు తీసేశారు, సరే.
చేతులకి ఆ కబురు అందలేదు, నన్నేం చెయ్యమంటావ్?"

అంతే.
మళ్ళీ ఉడికిన గుడ్లు లెక్కపెట్టడంలో పడింది.

గాలి పదింటికే లేచింది.
ఇసుక కళ్ళల్లో, చెవుల్లో, పుచ్చకాయ ముక్కల మీద.
బాబాయి వేలు జేబులో పెట్టుకున్నాడు.
కర్రలు పాతి కర్టెన్లు కట్టాం;
పక్క కుటుంబంలో చంటిదాన్ని తెచ్చి
వాటి చాటున పడుకోబెట్టారు.
నానమ్మ నా వైపు చూడనైనా లేదు.
చూడకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

"బిస్మిల్లా" అంటూ మూత తీసింది.
ఆవిరి. ఏలకుల వాసన.
చుట్టూ పదమూడు పళ్ళాలు.
ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళింది,
ఇంకో సంచిలోకి,
కోటు జేబులోకి కూడా.
గరిటె లేదు.

అరవై ఏళ్ళలో మొదటిసారి.
ఎవరం ఊపిరి తీయలేదు.
ఇమ్రా మాత్రం పరుగెత్తి
తన పసుపుపచ్చ ప్లాస్టిక్ పార
కెరటంలో ముంచి తెచ్చింది.
నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది,
డబ్బా నీళ్ళతో మూడుసార్లు కడిగింది,
సముద్రాన్ని నమ్మనట్టు.
తర్వాత కుండలో దించింది.

పారతో వడ్డించిన అన్నం
ఇల్లు కడుతున్నట్టు పళ్ళెంలో నిలబడింది.
ముందు నవ్వింది నానమ్మే,
కట్టుడు పళ్ళు ఊడేంతగా.

రాత్రి ఇంటికొచ్చి లైటు వేస్తే
గరిటె పొయ్యి పక్కనే ఉంది,
ఎండిన మెతుకొకటి అంటుకుని.
"పోనీలే" అంది దాన్ని తీసి కడుగుతూ,
"నువ్వైనా ఇల్లు కనిపెట్టుకున్నావు."